ఒల్లనన్న మనిషికి ఇల్లు వెతకడం

రాణీ, ఇటు వచ్చి సరిగ్గా కూర్చో. గోడకి చేరబడి సగం చెవితో వినేది కాదిది. పెన్ను మూత తీశావా? కాగితానికి ఎడమ పక్కన ఖాళీ వదులు. ఎందుకంటావా, నేను మధ్యలో మాట మార్చుకుంటాను, అక్కడ దిద్దుకోవాలి. ఇరవై ఆరేళ్ళు మాట మార్చుకుంటూనే ఉద్యోగం చేశాను.

సోమవారం నువ్వూ ఇదే పనిలో చేరుతున్నావు. నీతో పాటు చేరే పిల్లలకి కూడా చూపిస్తానన్నావు కాబట్టి చెబుతున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు ఎక్కడికి వెళ్ళింది, అవి చెప్పను. అవి నాకే గుర్తు లేవు. నాకు బాగా గుర్తున్నవి నేను చేసిన తప్పులు. వాటిలో పెద్దది ఒక మనిషిది. ఆ మనిషి పేరు సింహాచలం.

"నానమ్మా, జరా ధీరే బోలో," అంటోంది నా మనవరాలు. నెమ్మదిగానే చెబుతాను. ఈ మాట కూడా రాసేశావా? సరే, ఉండనీ.

పేరు లేని పని

ఇప్పుడు మీకు ఈ పనికి పెద్ద పేర్లున్నాయి. నేను చేరిన డెబ్బైలలో ఏ పేరూ లేదు. ఈ ఉక్కు కంపెనీ ఊళ్ళోనే, సాక్చీలో ఒక ట్రస్టుకి రెండు గదుల ఆఫీసు. ఒంటరిగా బతకలేనివాళ్ళు, అలాగని ఆసుపత్రిలో ఉండాల్సిన అవసరం లేనివాళ్ళు కొందరుంటారు. చూపు లేనివాళ్ళు, కాలు పోయినవాళ్ళు, బుద్ధి నెమ్మదిగా ఎదిగినవాళ్ళు. అయినవాళ్ళు చూసుకోలేని పరిస్థితి వచ్చినప్పుడు, అలాంటి మనిషిని తమ దగ్గర ఉంచుకుని చూసుకునే ఇల్లో, హాస్టలో వెతికిపెట్టడం మా పని. ఎవరైనా ముందుకొస్తే ఆ చోటు మంచిదో కాదో చూసి రాయాలి. హిందీవాళ్ళు నన్ను దీదీ అనేవాళ్ళు. మన తెలుగువాళ్ళు దానికి ఇంకో మర్యాద తగిలించి దీదమ్మ అనేవాళ్ళు.

మా ఆఫీసరు ముఖర్జీ బాబు. చెడ్డవాడు కాదు. కానీ ఆయన తయారుచేసిన ఫారం ఒకటుండేది, దానికి పద్నాలుగు గడులు. గాలి, వెలుతురు, దోమతెర, మరుగుదొడ్డి, తాగే నీళ్ళు, ఇలా. ఏడో గడి మంచాలది. మంచానికీ మంచానికీ మధ్య ఒక గొడుగు దూరం ఉండాలి. ఆ గొడుగు ఆయన సొంత గొడుగు. వెదురు పిడి ఉన్న పొడుగాటి నల్ల గొడుగు. ఎక్కడికి వెళ్ళినా దాన్ని రెండు మంచాల మధ్య పడుకోబెట్టి కొలిచేవాడు. పట్టకపోతే ఆ ఇల్లు ఫెయిలు.

ఒక వానాకాలంలో ఆ గొడుగుని బస్సులో మరిచిపోయాడు. వాళ్ళావిడ చిన్న గొడుగు కొనిచ్చింది, మూర కంటే కొంచెం పొడుగు. ఆ నెలలో అంతకుముందు ఫెయిలైన ఇళ్ళన్నీ పాసైపోయాయి. నేను అడిగాను కూడా. "రూల్‌లో గొడుగు అని ఉంది, ఏ గొడుగో లేదు," అన్నాడు. నవ్వలేదు. ఆయన ఎప్పుడూ నవ్వేవాడు కాదు, అందుకే మేం పక్క గదిలోకి వెళ్ళి ఆయన వంతు కూడా నవ్వుకునేవాళ్ళం.

ఆయన రెండో రూలు, ఏ ఇంటికి వెళ్ళినా వారం ముందు ఉత్తరం రాయాలి. చెప్పకుండా వెళ్ళడం అమర్యాద. ఇది వేరే ఊళ్ళో ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఈ ఊళ్ళో మాత్రం ఇన్‌స్పెక్షన్ అన్న మాట చెవిన పడితే జనం చేతులు వాటంతటవే సున్నం కుంచె పట్టుకుంటాయి. కంపెనీలో ఎవరైనా పెద్దవాళ్ళు వస్తున్నారంటే చెట్ల మొదళ్ళకి సున్నం, ఇటుకల అంచులకి ఎర్రటి జేగురు కొట్టడం మనవాళ్ళకి తాతల నాటి అలవాటు. ఇంటికి ఉత్తరం వచ్చినా అంతే. నేను ఆ మొదటి ఏళ్ళలో చూసినవి ఇళ్ళు కావు, సున్నం. ఇది రాసుకో, కింద గీత కొట్టు.

క్యారేజీ మనిషి

డెబ్బైల చివర్లో ఒక రోజు పార్వతి అనే ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చింది. ఆ తమ్ముడే సింహాచలం. ముప్ఫై రెండేళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా, తలకి నున్నగా నూనె రాసుకుని, చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీతో వచ్చాడు. చదువు రాదు, లెక్క రాదు, గడియారం చూడడం రాదు. కానీ పన్నెండింటికి కంపెనీ భోంపూ, అదే సైరను, మోగుతుంది చూడు, అది మోగబోతోందని దానికంటే ముందు ఆయనకి తెలిసేది. పదిహేనేళ్ళుగా రోజూ ఆ వేళకి బావకి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి గేటు దగ్గర ఇచ్చి వచ్చేవాడు. బావకి సెలవైనా ఆగేవాడు కాదు. అందుకని సెలవు రోజున బావ ఇంటి దగ్గర బయల్దేరి గేటు దాకా వెళ్ళి క్యారేజీ అందుకునేవాడట. తర్వాత ఇద్దరూ కలిసి ఇంటికొచ్చి తినేవాళ్ళు.

సింహాచలానికి మాటలు తక్కువ. ఒక మాట మాత్రం బాగా వచ్చు. ఒల్లను. మన శ్రీకాకుళం వైపు మాట. వద్దు, నేను చెయ్యను, నాకిష్టం లేదు, ఈ మూడూ కలిపి ఒక్క మాట.

"మా ఆయనికి గనులకాడికి బదిలీ అయిపోనాది దీదమ్మా," అంది పార్వతి. "ఆరు వారాల్లో క్వార్టరు కాళీ చెయ్యాల."

"తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళండి."

"తీసుకెల్లి సూసినామమ్మా. అక్కడ భోంపూ నేదు. పది రోజులు క్యారేజీ ఒళ్ళో ఎట్టుకుని రోడ్డు పక్కన కూకున్నాడు. తిండి మానీసినాడు."

"ఊళ్ళో మీవాళ్ళెవరూ లేరా?"

"టెక్కలి కాడ మా సిన్నాన్న ఉన్నాడు. పంపీమంటన్నాడు. ఎనిమిది గేదెలున్నాయి, కాసుకుంటాడంటన్నాడు."

వెనక నుంచి సింహాచలం అన్నాడు. "గేదెలు ఒల్లను."

"ఈడికి గేదెలంటే బయ్యం," అంది పార్వతి. "గేదె తల తిప్పి సూత్తే సాలు, ఈడు గోడెక్కీత్తాడు. ఎనిమిది గేదెలంటే ఇంక దిగడమ్మా."

నవ్వుతూ చెప్పబోయి మధ్యలో కళ్ళు తుడుచుకుంది. ఆరు వారాల్లో ఈ ఊళ్ళోనే ఒక చోటు దొరకాలి. లేకపోతే టెక్కలి, ఎనిమిది గేదెలు, గోడ. నేను ధీమాగా "దొరుకుతుంది" అన్నాను. అప్పటికి నా దగ్గర మూడు దరఖాస్తులున్నాయి. ఒకటి బిర్సానగర్ వైపు ఒక హాస్టలు. రెండోది భాలుబాసాలో ఒక రిటైర్డ్ ఫోర్‌మన్ ఇల్లు. మూడోది భుయ్యాడీహ్‌లో మెస్ నడిపే గౌరమ్మ అనే ఆవిడది.

మూడోదాన్ని అప్పటికే ఫెయిల్ చేసేశాను. గుమ్మం దగ్గర నుంచే. మంచం మీద కోడి కూర్చుని ఉంది. గౌరమ్మ అద్దెకుండే కిరాయి మనిషిని ఒకణ్ణి తిడుతోంది, ఆయన కూడా తిరిగి తిడుతున్నాడు. మంచాల మధ్య చిన్న గొడుగు కాదు కదా, గొడుగు పిడి కూడా పట్టదు. పద్నాలుగుకి మూడు. లోపలికి అడుగు పెట్టకుండానే రాసి వచ్చేశాను.

పద్నాలుగుకి పద్నాలుగు

హాస్టలు పేరు చెప్పను. నువ్వూ అడగకు. వారం ముందు ఉత్తరం రాసి వెళ్ళాను. నేల అద్దంలా ఉంది. దోమతెరలు ఇస్త్రీ చేసి కట్టారు. దోమతెరని ఇస్త్రీ చేయడం నేను అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. పద్నాలుగుకి పద్నాలుగు వేశాను. ముఖర్జీ బాబు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు, ప్రేమలేఖ చదువుకున్నట్టు.

సింహాచలాన్ని అక్కడ దింపాను. క్యారేజీని వాళ్ళు మర్యాదగా తీసుకుని చీటీ అతికించి స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. సామాన్లన్నీ అక్కడే ఉండాలట. "ఒల్లను," అన్నాడు సింహాచలం. అక్కడి ఆవిడ చక్కగా నవ్వి, "హాఁ బేటా, హాఁ హాఁ," అంటూనే తాళం తిప్పింది.

నేను అది చూశాను రాణీ. నా కళ్ళతో చూసి, ఎంత ఓపిక గల మనిషో అనుకున్నాను. అదీ నా బుద్ధి.

సాయంత్రం గేదె పాలు ఇచ్చారు. ఒల్లనన్నాడు. హాఁ హాఁ అంటూనే గ్లాసు నోటికి ఆనించారు. పొద్దున్న అయిదింటికి స్నానం, ఒల్లను, హాఁ హాఁ, నెత్తిన నీళ్ళు. ఎవరూ కసరలేదు, చెయ్యెత్తలేదు. ఆయన మాట మాత్రం ఎవరికీ తగల్లేదు. గోడ మీదకి విసిరిన బంతయినా తిరిగొస్తుంది.

నాలుగో రోజు పన్నెండింటికి పార్వతి భర్త అలవాటు కొద్దీ గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడట. ఆ రోజు జరిగింది ఆయన మాటల్లోనే చెబుతాను.

"ఎదర సూత్తే మావోడు. చెమటలు కక్కుకుంటూ వత్తన్నాడు. సేతిలో క్యారేజీ అనుకుని అందుకున్నానమ్మా. సూత్తే మగ్గు. నీలం ఇనామిల్ మగ్గు, బాతురూములోది. లోపల ఏటీ నేదు."

"మరి ఏం చేశారు?"

"ఏటి చేత్తాను? ఆడు అంత దూరం నడిచి తెచ్చినాడు కదా. తీసుకుని లోపలికి ఎల్లిపోనాను. ఆ పూటంతా మా షాపులో నన్ను మగ్గు బాబూ అని పిలిసినారు."

అద్దంలాంటి నేల ఉన్న హాస్టల్లో ఒక మనిషి వెళ్ళిపోయాడనే సంగతి సాయంత్రం లెక్క పెట్టుకునేదాకా తెలియలేదు. మగ్గు పోయిన సంగతి మాత్రం మధ్యాహ్నమే తెలిసింది. రిజిస్టర్లో రాసుకున్నారు.

హెల్మెట్ పెట్టుకుని మెట్లు దిగడం

హాస్టలు నుంచి క్యారేజీ వెనక్కి తెచ్చి, అక్క ఇంటికి చేరిన సింహాచలానికి ఇచ్చాను. ఇంకా మూడు వారాల పైచిలుకు మిగిలింది. భాలుబాసా ఫోర్‌మన్ దాలినాయుడు గారికి ఉత్తరం రాసి వెళ్ళాను. ఆయన ముప్ఫై ఏళ్ళు పనిలో ఒక్క ప్రమాదం జరగకుండా చూసుకున్న మనిషి. ఇంటిని కూడా అలాగే నడిపేవాడు. గుమ్మం పైన భద్రతే ముందు అని బోర్డు. స్నానాల గది బయట ఇసుక బకెట్టు. మెట్లకి, తులసి కుండీకి, బట్టల తాడు కట్టిన స్తంభాలకి సున్నం, జేగురు. వరండాలో సిమెంటు బెంచీ ఉంటే దాని మీద కూర్చుని ఫారం నింపాను. పదమూడు మార్కులు వేసి, సంతోషంగా లేచి, సాక్చీ బజారంతా తిరిగి, ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం ఇంటికొచ్చాను. మా అమ్మ నన్ను వెనక నుంచి చూసింది.

"ఏ ఇన్‌స్పెక్షన్‌కి ఎల్తన్నావే? నీకూ జేగురు కొట్టీసినారు."

బెంచీ ఆరలేదు. రోజంతా ఎవరూ చెప్పలేదు. ముఖర్జీ బాబు చూశాడట, కానీ ఆడవాళ్ళ చీరల గురించి మాట్లాడడం మర్యాద కాదని ఊరుకున్నాడట.

దాలినాయుడు గారు మంచివాడు. ఇది రాసుకో. సింహాచలానికి తన చేత్తో మంచం వేశాడు, క్యారేజీ కూడా సింహాచలం దగ్గరే ఉంచాడు. గేటు దాకా పంపడానికి కూడా ఒప్పుకున్నాడు, కాకపోతే తాను ముందు ఎర్ర జెండా పట్టుకుని నడిచేవాడు. ఇంట్లోంచి పెరట్లోకి రెండు మెట్లు దిగాలి. ఆ రెండు మెట్లకి హెల్మెట్ పెట్టుకోవాలి. సింహాచలం ఒల్లనన్నాడు. దాలినాయుడు గారు ఇంటి లాగ్ బుక్ తీసి, నియర్ మిస్ అని రాశాడు. అంటే ప్రమాదం జరిగేదే, తృటిలో తప్పింది అని. మొదటి వారంలోనే అలాంటివి పందొమ్మిది రాశాడు. ఆయన పనిచేసిన ముప్ఫై ఏళ్ళలో అన్ని లేవు.

ఎనిమిదో రోజు పొద్దున్న సింహాచలం పెరటి మెట్ల మీద కూర్చున్నాడు. లేవలేదు. అన్నం ఒల్లను, నీళ్ళు ఒల్లను. దాలినాయుడు గారు భయపడి నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి ఎదురుగా స్టూలు మీద కాగితం పెట్టుకుని కూర్చున్నారు.

"స్ట్రయికు చేసీసినాడు దీదమ్మా," అన్నారు చిన్నగా, సింహాచలానికి వినబడకుండా. "డిమాండ్లు ఏటో చెప్పమంటన్నాను. చెప్పట్నేదు."

"ఎందుకు వద్దంటున్నాడో అడిగారా?"

"స్ట్రయికులో ఎందుకని అడగరమ్మా. ఎన్ని అని అడుగుతారు."

నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. ఆయన మొహం చూస్తే నవ్వాలనిపించలేదు. ఆయనే లాగ్ బుక్ మూసేశారు. "మనిసికి దెబ్బ తగలకుండా కాయడం నేర్చుకున్నానమ్మా. మాటాడ్డం నేర్చుకోనేదు. ఈడిని వేరేకాడ ఎట్టు." సింహాచలం లేచి క్యారేజీ తీసుకుని నా వెనకే వచ్చేశాడు. వస్తూ మెట్ల మీదున్న హెల్మెట్ తీసి తులసి కుండీ మీద పెట్టాడు, గౌరవంగానే.

బీరకాయ కూర

ఇక ఎనిమిది రోజులు. పార్వతి సామాను కట్టడం మొదలుపెట్టింది. టెక్కలి చిన్నాన్నకి కార్డు ముక్క కూడా రాసి ఉంచింది, డబ్బాలో వేయలేదంతే. నేనూ సింహాచలమూ వానలో భుయ్యాడీహ్ మీదుగా నడిచి వస్తున్నాం. నాకు ఆకలి. నేను గౌరమ్మ ఇంటికి మంచి ఉద్దేశంతో వెళ్ళానని రాయాలనుంది, కానీ ఆకలేసి వెళ్ళాను. ఉన్నది రాయి.

గౌరమ్మ గుమ్మంలో నన్ను చూసి నడుం మీద చెయ్యేసుకుంది. "నన్ను ఫెయిల్ సేసిన దీదమ్మ కాదేటి? రా, కూకో. మా కోడి కూడా నిన్ను గుర్తుపట్టినాది."

ఆరుగురు కిరాయి మనుషులు, అందరూ కాంట్రాక్టు పనివాళ్ళు, నేల మీద వరసగా కూర్చుని తింటున్నారు. మాకూ వడ్డించింది. బీరకాయ కూర వేయబోతే సింహాచలం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒల్లను."

నేను హాఁ హాఁ అనబోయాను. నాకూ అంటుకుంది చూడు. గౌరమ్మ గరిటె పైకెత్తే ఉంచింది.

"ఏటి ఒల్లవు? పొద్దున్న నుంచి పొయ్యి కాడ సచ్చినాను. ఎందుకొల్లవు?"

సింహాచలం ఆమెని చూశాడు. ఎందుకు అని ఆయన్ని అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేరు. నాకు తెలిసి నేను అడగలేదు. గరిటెలోకి తొంగి చూశాడు.

"గింజలు," అన్నాడు.

గౌరమ్మ కూర వేలితో కలియబెట్టింది, నోట్లో వేసుకుంది. వరసలో ఉన్న ఆరుగురి వైపు తిరిగింది. "ముదిరిపోనాది రా. చెక్కలాగుంది. మీరు ఏటి తింటన్నారు, నోట్లో నాలికలు నేవా?"

"అంటే తిడతావు కదప్పా," అన్నాడొకాయన. మనవైపు అప్పంటే అక్క.

"తిడతాను. తిడితే సచ్చిపోతారేటి? ఈడు అన్నాడు కాదా." గిన్నె తీసుకెళ్ళి కోళ్ళ ముందు పెట్టింది. కోళ్ళు కూడా ఒకసారి పొడిచి వదిలేశాయి. తిరిగొచ్చి సింహాచలం ముందు నిలబడింది. "అంత తెలిసినోడివైతే రేపు బజారుకి నువ్వే రా. ఏరు. బాగోకపోతే నిన్ను తిడతాను."

సింహాచలం పప్పు కలుపుకుంటూ ఆలోచించాడు. ఒల్లను అంటాడనుకున్నాను. అనలేదు.

మర్నాడు నేనూ వెళ్ళాను, ఉత్తరం రాయకుండా. సాక్చీ కూరగాయల బజార్లో ఒక్కో బీరకాయా గిల్లి చూసి ఒల్లను, ఒల్లను అంటూ పోతున్నాడు. దుకాణంవాళ్ళు తలలు పట్టుకున్నారు. వెనకాల గౌరమ్మ సంచీ పట్టుకుని మహారాణిలా నడుస్తోంది. ముప్ఫై రెండేళ్ళుగా ఎవరికీ అక్కర్లేని మాటకి బజారంతా జవాబు చెప్పుకుంటోంది.

పన్నెండింటికి ఆయన క్యారేజీలో గౌరమ్మ ఇద్దరు కిరాయి మనుషులకి అన్నం కట్టింది. గేటు దగ్గరికి వెళ్ళే మనిషికి ఇద్దరు ఎదురుచూసేవాళ్ళు దొరికారు.

ఇక్కడ ఒక మాట ఆగి రాసుకో. చాకిరీ చేయించుకోవడానికి ఇలాంటి మనుషుల్ని పెట్టుకునే ఇళ్ళు నేను చాలా చూశాను. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. గౌరమ్మది ఏదో నాకు మొదటి రోజు తెలియలేదు. వరసగా ఆరు రోజులు, వేళ కాని వేళల్లో వెళ్ళాను. ఆరో రోజున తెలిసింది, అదీ ముఖర్జీ బాబు వల్ల.

గొడుగు

ఆయన సంతకం లేకుండా ఏ ఇల్లూ ఖాయం కాదు. పద్నాలుగుకి మూడు వచ్చిన ఇంటికి ఎలా పెడతానని గొడుగు పట్టుకుని తానే బయల్దేరాడు. ఉత్తరం రాయాలన్నాడు. "బాబూ, పార్వతి ఎల్లుండే వెళ్ళిపోతోంది, పోస్టు అంత తొందరగా చేరదు," అన్నాను. అలా ఆయన జీవితంలో మొదటిసారి చెప్పకుండా ఒక ఇంటికి వెళ్ళాడు.

జోరున వాన. గౌరమ్మ క్యారేజీ కట్టి సింహాచలం ముందు పెట్టింది. ఆయన వాకిట్లోకి చూశాడు.

"ఒల్లను."

"ఎందుకొల్లవు?"

"వాన."

"వానైతే ఆల్లకి ఆకలెయ్యదేటి? నిన్న ఎండని తిట్టినావు, ఇయ్యాల వానని తిడతన్నావు. నీకు ఏ వాతావరణం కావాల బాబూ?"

"ఒల్లను."

"ఒల్లకపోతే మానీ. నానే ఎల్తాను. దారిలో జారిపడితే నిన్ను తిట్టుకుంటూ పడతాను," అని కొంగు నెత్తిన కప్పుకుని క్యారేజీ అందుకుంది. అందుకోవడం ఉత్తిది కాదు, రెండు మెట్లు దిగేసింది కూడా. అప్పుడు నాకు తెలిసింది. ఈ ఇంట్లో ఈ మనిషి ఒల్లనంటే పని ఆగదు, తిట్లు ఆగవు, కానీ ఆ మాట మాత్రం చెల్లుతుంది.

ముఖర్జీ బాబు ఇదేమీ పట్టించుకోకుండా రెండు మంచాల మధ్య గొడుగు పెట్టబోతున్నాడు. కోడి అడ్డం వచ్చింది. కోడిని తోలడానికి గొడుగు గోడకి ఆనించాడు. సింహాచలం వాన వైపు చూశాడు, గొడుగు వైపు చూశాడు. గొడుగు తీసుకున్నాడు. మెట్లు దిగి, గౌరమ్మ చేతిలో క్యారేజీ లాక్కుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

"అరే, మేరా ఛాతా," అన్నాడు ముఖర్జీ బాబు. అప్పటికి ఛాతా సందు మలుపు తిరిగిపోయింది.

గొడుగు లేకుండా కొలవలేడు. వానలో బయటికి వెళ్ళలేడు. గౌరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి చేపల పులుసు పెట్టింది. బెంగాలీ మనిషి. మొదటి ముద్దకి కళ్ళు మూసుకున్నాడు. మూడో ముద్దకి, కోడి ఆయన పక్కనే కూర్చున్నా ఏమనలేదు. గంట తర్వాత సింహాచలం తిరిగొచ్చాడు. ముఖర్జీ బాబు చెయ్యి చాపాడు. సింహాచలం గొడుగు వెనక దాచుకున్నాడు.

"ఒల్లను."

ఆ ఆఫీసులో ముఖర్జీ బాబుకి వద్దు అని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. నేనూ చెప్పలేదు. ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత, ఏమనిపించిందో, "క్యోం?" అన్నాడు. ఎందుకు అని.

"రేపు కూడా వాన," అన్నాడు సింహాచలం.

ముఖర్జీ బాబు వాన వైపు చూశాడు. న్యాయంగానే ఉందనిపించినట్టుంది. ఫారం తీసి, ఏడో గడిలో కొలవడం సాధ్యపడలేదు అని రాసి, కింద సంతకం పెట్టాడు. వాన తగ్గేదాకా కూర్చుని ఇంకో చేప ముక్క తిని, గొడుగు లేకుండా ఇంటికి వెళ్ళాడు. వాళ్ళావిడకి ఏం చెప్పాడో నాకు తెలీదు.

పదిహేనో గడి

పార్వతి వెళ్ళే రోజు రైలుకి ముందు భుయ్యాడీహ్ వచ్చింది. టెక్కలి కార్డు చేతిలోనే ఉంది, నలిగిపోయి. తమ్ముడి పక్కన అరుగు మీద కూర్చుంది.

"సిమ్మాచలం, నాతో వచ్చీత్తావేట్రా?"

"ఒల్లనే అక్కా."

ఎప్పుడూ అడగని ప్రశ్న ఆ రోజు ఆవిడా అడిగింది. "ఎందుకొల్లవు?"

"రేపు బజారు," అన్నాడు. అక్క వైపు తిరిగి, "నువ్వు ఉండిపో," అన్నాడు.

పార్వతి ఏడ్చిందా నవ్విందా అని అడక్కు, రెండూ చేసింది. కార్డు చింపి పొయ్యిలో వేసింది. లోపల నుంచి గౌరమ్మ, "అక్కా తమ్ముడూ ఏడుపులయ్యాక రండి, కూర సల్లారిపోతంది," అని కేకేసింది.

సింహాచలం ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. ఏటా నేను ఫారం పట్టుకుని వెళ్ళేదాన్ని. ప్రతిసారీ ఇద్దరూ ఏదో ఒకదాని మీద పోట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. ఒక ఏడు వంకాయ, ఒక ఏడు రేడియో. నేను ఆ పద్నాలుగు గడుల కింద పెన్సిల్‌తో ఇంకో గడి గీసుకున్నాను. ముఖర్జీ బాబు చూశాడు, చెరపలేదు. ఆ గడిలో ఒకటే ప్రశ్న. ఇక్కడ ఈ మనిషి ఒల్లనంటే ఏం జరుగుతుంది?

నువ్వు ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ గడి నింపు. మిగతా పద్నాలుగూ తర్వాత. సున్నం చూడకు, నవ్వులు చూడకు, ముఖ్యంగా బెంచీ మీద చెయ్యి పెట్టి చూడకుండా కూర్చోకు. ఆ మనిషి వద్దనేదాకా అక్కడే కూర్చో. వద్దన్నాక ఇంట్లోవాళ్ళ మొహాలు చూడు. వాళ్ళు హాఁ హాఁ అంటే లేచి వచ్చెయ్. లాగ్ బుక్ తీస్తే పాపం అనుకుని లేచి వచ్చెయ్. వాళ్ళు గనక...

"అత్తయ్యా, అన్నానికి రండి. చేపల పులుసు సల్లారిపోతంది."

అదిగో, మీ అమ్మ. ఇప్పుడొల్లనే అమ్మాయ్.

"ఎందుకొల్లరు?"

ఆఖరి మాట చెబుతున్నాను.

"చెప్పీండి మరి. మీ ముక్క పిల్లి సూసుకుంటాది, తర్వాత నన్ను అనకండి."

వస్తున్నానమ్మా, వస్తున్నాను. రాణీ, చెయ్యి పట్టుకుని లేపు, మోకాలు పట్టేసింది. పెన్ను మూత పెట్టకు, నడుస్తూ చెబుతాను, రాసుకో. ఆ పదిహేనో గడిలో గౌరమ్మ ఇంటికి నేను మొదటి ఏడు రాసింది ఏమిటంటే, ఈ ఇంట్లో ఒల్లనంటే ముందు తిడతారు, ఆ తర్వాత ఎందుకని అడుగుతారు, అడిగాక ఆ జవాబు కోసం గరిటె పైకెత్తి పట్టుకుని ఆగుతారు.